గరుకు ఆకు

తెలంగాణ రాకముందు సంగతి. నాచారం నుంచి ఉప్పల్ వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోంచి రెండు ఎండుటాకులు తీసి నా చేతుల్లో చెరొకటి పెట్టాడు.

"సారూ, జర తడిమి సూడు. ఏది గరుకుగున్నది?"

ఎడమ చేతిలోది పిల్లి నాలుకలా ఉంది. అదేనన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నేను కుడిదనుకున్న."

నాచారంలోని ఆకుమందుల కంపెనీలో ఆకులు ఏరడం ఆయన పని.

"పెద్దసార్లు అట్ట మీద 'స్కేబ్రా' అని రాస్తరు. అంటే గరుకని. సూడనీకి రెండూ ఒక్కతీర్గనే ఉంటయ్. గరుకుది మందు, నున్నటిది విషం. బొటనవేలుతోనే గుర్తువట్టాలె. షుగరొచ్చినంక వేళ్లు మొద్దుబారినయ్."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తె ఇంటికి పొమ్మంటరు. ఇయ్యాల నేనేరిన బస్తా రేపు పొద్దుగాల్ల మిషన్ల పోస్తరు."

ఆకులు తీసుకుని సంచిలో వేసుకున్నాడు. హబ్సిగూడ రాగానే లేచాడు.

"ఏంది తాతా, ఉప్పల్ టికెట్ దీస్కొని ఈడ్నే దిగుతవా?" అన్నాడు కండక్టర్ నవ్వుతూ.

"కంపెనీల పనున్నది బిడ్డా. గిదే ఆఖరు."

కిటికీలోంచి చూశాను. రోడ్డు దాటి, నాచారం బస్సు ఆగే చోట నిలబడ్డాడు. బొటనవేలును చొక్కాకు రుద్దుకుంటూనే ఉన్నాడు.