ముందు కర్ర, తర్వాతే బార్

మా అమ్మాయి పన్నెండేళ్ళప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. వాళ్ళ స్కూల్లో పదో తరగతి పిల్ల ఒకతి పోటీలకెళ్ళి మెడల్ తెచ్చుకుందట. ప్రార్థన దగ్గర అందరూ ఆ పిల్లకి చప్పట్లు కొట్టారట. కాశీబుగ్గలో, ఒకప్పుడు జీడిపిక్కలు నిల్వచేసిన గోడౌన్‌లో ఒకావిడ నేర్పుతున్నారని తెలిసి, సాయంత్రాలు దాన్ని స్కూటీ మీద తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. నాకు పూండి దగ్గర ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, ఆరింటికల్లా పిల్లతో గోడౌన్‌లో ఉండేదాన్ని.

నేర్పే ఆవిడకి యాభై దాటాయి. వయసులో ఉండగా బరువులెత్తి, ఆ ఆటతోనే రైల్వేలో ఉద్యోగం సంపాదించుకుని, ముందుగానే రిటైరై సొంతూరు వచ్చేశారు. పొట్టి మనిషి. ట్రాక్ ప్యాంటు మీద మగవాళ్ళ చొక్కా వేసుకునేవారు. ఆవిడ దగ్గర చేరినవాళ్ళెవరైనా ముందు కొన్నాళ్ళు ఉత్త కర్రతోనే సాధన చెయ్యాలి. ఇనుప బార్ ముట్టుకోనిచ్చేవారు కాదు.

మా పిల్ల ఇరవై రోజులు ఓర్చుకుంది. "బరువులెత్తుదామని వస్తే చీపురుకర్ర ఇచ్చారు" అని అలిగి, ఖోఖోలో చేరిపోయింది. ఆ మాట చెప్పి క్షమించమని అడగడానికి ఒక్కదాన్నే వెళ్ళాను.

"పిల్ల మానేత్తే మానేసింది. మరి నువ్వేటి సేత్తావు?" అన్నారావిడ.

"నేనా మేడమ్? నాకు ముప్పై ఎనిమిదేళ్ళు."

"వయసడిగానా? ఇరవై రోజుల్నుంచి సూత్తన్నాను. పిల్ల కిందకి దిగితే ఆ బెంచీ మీద నీ మోకాళ్ళు ఒంగుతన్నాయి. పిల్ల లేత్తే నీ బుజాలు లేత్తన్నాయి. ఆ కర్రట్టుకో."

పట్టుకున్నాను. చీరతో ఉన్నానని గుర్తొచ్చి వదిలేశాను. ఆవిడ నవ్వలేదు. రేపు చుడీదార్‌లో రమ్మన్నారు. మాది ఏ ఊరని అడిగి, పుట్టిల్లు ఉద్దానమని చెప్పగానే, "అయితే ముందు కిడ్నీలు బాగున్నాయో నేదో క్రియాటినిన్ పరీచ్చ సూయించుకుని కాయితం తే. ఇక్కడున్నంతసేపూ నీళ్ళ సీసా నీ పక్కనే ఉండాల" అన్నారు. పరీక్ష కాయితం బాగానే వచ్చింది. దాన్ని ఆవిడ రెండుసార్లు చదివి మడిచి తన సంచిలో పెట్టుకున్నారు.

మా ఆయన నాకు సొంత మేనమామ కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన నోరు పెళ్ళయ్యాక మారలేదు. ఉద్దానం తోటల్లో కొబ్బరికాయలు కొని లారీలకెత్తించే వ్యాపారం. సంగతి విని, "ఎత్తాలనుంటే మన బస్తాలున్నాయి గదే, జీతం కూడా ఇత్తాను" అన్నాడు. అయినా మర్నాటి నుంచీ సాయంత్రం అన్నం వండే పని తనే తీసుకున్నాడు.

ఈ ఆటలో ఎత్తే పద్ధతులు రెండే. స్నాచ్ అంటే నేల మీది బార్‌ని ఒక్క ఊపులో తలపైకి తీసుకెళ్ళి నిలబెట్టడం. రెండోది క్లీన్ అండ్ జెర్క్: ముందు భుజాల మీదికి తెచ్చుకుని, ఊపిరి తీసుకుని, అక్కడ నుంచి తలపైకి విసరడం. చూస్తే చేతుల బలం అనిపిస్తుంది. నా తప్పులన్నీ అక్కడే పుట్టాయి. కర్ర మోకాళ్ళు దాటకముందే నా మోచేతులు వంగిపోయేవి.

"సేతులు తాళ్ళనుకో. తాడు లాగుద్దా? వేలాడుద్ది, అంతే. లాగాల్సింది కాళ్ళు" అనేవారు మేడమ్.

ఇంకో తప్పు, కర్రని ఒంటికి దూరంగా లేపడం. ఇసక నింపిన బకెట్లో వెదురుబొంగు గుచ్చి నా ముందు నిలబెట్టారు. కర్ర ముందుకు పోయిందంటే ఆ బొంగుకి ఠక్కున తగిలేది. మొదటి వారం గోడౌన్ అంతా ఆ చప్పుడే. కిందికి దిగేటప్పుడు నా మడమలు లేచిపోతుంటే, కాశీబుగ్గ బజార్లో చెప్పులు కుట్టే ఆయన చేత నా బూట్ల కింద పనస చెక్క మడమలు కొట్టించారు. వాటితో నడిస్తే టకటకమనేది. మా అమ్మాయి గుర్రం వచ్చిందనేది.

రెండు నెలలు దాటాక నాకూ విసుగొచ్చింది. అప్పుడే మేడమ్ బంధువుల పెళ్ళికని ఇచ్ఛాపురం వెళ్తూ తాళంచెవి నాకిచ్చారు. "కర్ర తప్ప ఇంకేటీ ముట్టకు" అని చెప్పి మరీ వెళ్ళారు. పిల్లలకి సెలవు గనక ఆ సాయంత్రం గోడౌన్‌లో నేనొక్కదాన్నే. పదిహేను కిలోల బార్‌కి అటొకటి, ఇటొకటి అయిదు కిలోల ప్లేట్లు తగిలించాను. భుజాల మీదికి బాగానే వచ్చింది. మనసు గాల్లో తేలింది. అక్కడ నుంచి తలపైకి విసిరాను. బార్ వెళ్ళే దారిలో నా గడ్డం ఉందన్న సంగతి ఆలోచించలేదు.

కింది పెదవి చిట్లింది. గడ్డం కమిలిపోయింది. అదృష్టం బాగుండి బార్ ముందుకి పడింది. నెత్తురు కడుక్కుని, ప్లేట్లు ఎక్కడివక్కడ సర్దేసి, ఎవరి కంటా పడకుండా ఇంట్లోకెళ్ళి, బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను. బావ పసుపు రాశాడు. నాలుగు రోజులు గోడౌన్‌కి వెళ్ళలేదు.

అయిదో రోజు ఆదివారం. పొద్దున్నే, ఊరి నుంచి తిరిగొచ్చిన మేడమ్ తాళంచెవి కోసం మా ఇంటికొచ్చారు. నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. నన్నేమీ అడగలేదు. బావ ఎదురెళ్ళి, కూర్చోమని కుర్చీ వేసి, బొండాం కొడదామని కత్తి తీశాడు.

"కత్తక్కడెట్టు. దీని మొహానికి ఏటయింది?"

"బాత్రూంలో జారిపడిందండి."

"ఊఁ. ముప్పై ఏళ్ళు ఉద్యోగంలో ఇలాటి ఆడోళ్ళ మొహాలు శానా సూసినాను నాయినా. కొట్టిన ప్రతోడూ ఆ మాటే సెప్పేడు."

బావ చేతిలో బొండాం అలాగే ఉండిపోయింది. "కొట్టడమేటండి! నేనా? దాన్నే అడగండి!"

"దాన్నడిగితే అదీ బాత్రూమనే సెప్పుద్ది. భయంతో." ఆవిడ బావ ముందుకి ఇంకో అడుగు వేశారు. "బరువులెత్తుతానంటే నీకు నామోషీ అయితే నాతో సెప్పు. సెయ్యి మాత్రం సేసుకోకు."

బావ నావైపు చూశాడు. ఎదిరించి మాట్లాడే మనిషి కాదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంక నావల్ల కాలేదు.

"మేడమ్, బావ కాదు. బార్" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. మొత్తం చెప్పేశాను, ప్లేట్ల సంగతితో సహా. మేడమ్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. చేతులు తీస్తే నవ్వుతున్నారు. లేచి బావ దగ్గరకెళ్ళి, "తప్పయిపోయింది నాయినా, మనసులో ఎట్టుకోకు" అని చెయ్యి పట్టుకున్నారు. బావ బొండాం కొట్టి ఆవిడ చేతిలో పెట్టి, తర్వాత నాతో, "నాకు కూడా అబద్ధం సెప్పేవేటే" అన్నాడు. ఆ మాట పెదవి దెబ్బ కన్నా ఎక్కువ నొప్పెట్టింది.

బొండాం నీళ్ళు తాగాక ఆవిడ చీపురుకర్ర తెమ్మన్నారు. మా వాకిట్లోనే, చుట్టుపక్కల వాళ్ళు చూస్తుండగా, నన్ను నిలబెట్టారు. బార్ పైకి లేచేటప్పుడు గడ్డం వెనక్కి లాక్కోవాలి, దానికి దారివ్వాలి, దాటాక తల ముందుకు రావాలి. వందసార్లు చేయించారు. చివర్లో పైపెదవి ఎత్తి, సగం విరిగిన పన్ను చూపించారు. "నాకెవురూ ముందు సెప్పనేదు. అందుకే మీకు కర్ర."

ఆ రోజు నుంచి నాకు తొందర తగ్గింది. నెల తర్వాత మేడమే బార్ ఇచ్చారు. బావ వీలున్నప్పుడల్లా వచ్చి పక్కనుంచి ఫోన్లో వీడియో తీసేవాడు. మొదటి వీడియో చూసి నేనే నమ్మలేకపోయాను. నా మనసులో నిటారుగా లేచే బార్ ఫోన్లో చూస్తే ఆమడ దూరం తిరిగొస్తోంది. "బార్‌తో తగువేటే నీకు? దగ్గరికి రానివ్వవు" అన్నాడు బావ. మేడమ్‌కి ఆ మాట నచ్చి, మిగతా పిల్లలకి కూడా అదే చెప్పడం మొదలుపెట్టారు.

చివరికి మిగిలింది భయం. స్నాచ్‌లో బార్‌ని ఎంతో ఎత్తుకి లాగక్కర్లేదు. అది పైకి వస్తుండగానే మనం దాని కిందికి దిగిపోవాలి. బుర్రకి తెలుసు. ఒళ్ళు మాత్రం దిగేది కాదు, నిలబడే నెట్టేదాన్ని.

"మీది సముద్రం ఒడ్డు గదా. పెద్ద కెరటం వత్తే ఏటి సేత్తారు?"

"మునుగుతాం మేడమ్."

"నిలబడి నెడతారా?"

"లేదు."

"మరింకేటి?"

చెప్పినంత తేలిగ్గా రాలేదు. మళ్ళీ కర్రతో మొదలుపెట్టి, కర్ర మెడ వెనక పెట్టుకుని టక్కున కిందికి దిగడం రోజూ చేశాను. ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. ఒక సాయంత్రం లేచి నిలబడ్డాక మేడమ్ ఏమీ అనలేదు. ఏమన్నా అంటారేమోనని ఎదురుచూసి, బార్ దింపాను. అనడానికేమీ లేక ఊరుకున్నారని అప్పుడర్థమైంది. ఇంటికెళ్తూ దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ చలికాలం టెక్కలిలో ఒక కాలేజీ హాల్లో పోటీలు పెట్టారు. ముప్పై అయిదు దాటిన ఆడవాళ్ళ విభాగంలో మేం ఇద్దరమే. రెండో ఆవిడ అంగన్‌వాడీ టీచరు, నాకన్నా ఎంతో బాగా ఎత్తుతుంది. స్నాచ్‌లో ముప్పై కిలోలు పెట్టించాను. మొదటిసారి బార్ నా వెనక్కి పడిపోయింది. రెండోసారి పైన నిలిచింది. నేను సంబరపడేలోపు ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు చెల్లదని ఎర్రజెండా ఎత్తారు. ఆఖరి అవకాశం, మూడోసారికి వెళ్తుంటే మేడమ్ నా చెవిలో ఏదో చెప్పారు, ఒక్క ముక్క వినపడలేదు. వంగి పట్టుకున్నాను. కాళ్ళు నెట్టాయి, ఒళ్ళు కిందికి దిగింది. కూర్చున్న చోట, తలపైన చేతులు నిటారుగా, నాకు చాలా నిశ్శబ్దంగా అనిపించింది. లేచి నిలబడ్డాను. మూడూ తెల్లజెండాలే. మా అమ్మాయి బెంచీ మీదికెక్కి "అమ్మా" అని అరిచి, వెంటనే సిగ్గుపడి దిగిపోయింది.

క్లీన్ అండ్ జెర్క్‌లో నలభై ఎత్తాను. ఇద్దరిలో రెండోదాన్నయ్యాను, వెండి మెడల్ ఇచ్చారు. అంగన్‌వాడీ టీచరూ నేనూ ఫోన్ నంబర్లు మార్చుకున్నాం.

తిరుగు ప్రయాణంలో పలాస బస్సు కిక్కిరిసి ఉంది. నలుగురం నిలబడే ఉన్నాం. బావ మాటల్లో నేను ఏకంగా ఆసియా ఛాంపియన్నయిపోయాను. పక్కవాళ్ళందరికీ వీడియో చూపిస్తున్నాడు. మేడమ్ మాత్రం మెడల్ గురించి ఎత్తనేలేదు. బస్సు పైకమ్మీ పట్టుకుని, "రెండోసారి ఎందుకు ఎర్రజెండా ఎత్తారో ఎరుకా? ఎడం మోచెయ్యి. కాస్త ఒంగింది, తరవాత సాపు సేసినావు. అదొప్పుకోరు. సూడు, ఇలాగ" అని మోచేతులు బిగించి చూపించారు. నేనూ కమ్మీ పట్టుకుని బిగించాను. "ఇంకా" అన్నారు. ఇంకా బిగించాను.

"దిగేవాళ్ళకి దారియ్యండమ్మా" అని కండక్టర్ అరిచాడు. ఇద్దరం పక్కకి జరిగి, అక్కడ కూడా కమ్మీ పట్టుకున్నాం.