అవ్వకు పుట్టింట్లో పెట్టిన పేరు

నాకు పెట్టింది మా అవ్వ పేరు, అంటే నాయిన తల్లి పేరు. ఒక నది పేరది. అత్త పేరు కోడలి నోట రాకూడదు కనుక అమ్మ బతికినన్నాళ్ళూ నన్ను ఆ పేరుతో పిలవలేదు. “అవ్వా” అనే పిలిచేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అమ్మ పోయింది. నాయిన అంతకు చాలా ముందే పోయాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. నల్లగొండలో కాలేజీ కొలువు, కిరాయి ఇల్లు. సెలవు వస్తే పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎవరూ ఏ పేరుతోనూ పిలవని రోజులుండేవి. అలాంటి ఒక ఆదివారం అవ్వ సంగతి మనసులోకి వచ్చింది. నేను పుట్టకముందే పోయిన మనిషి. ఫోటో కూడా లేదు. తాత తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు మా ఇళ్ళలో అందరూ చెప్తారు. అవ్వ ఎవరి బిడ్డో అడిగితే ఎవరూ చెప్పలేరు. మా వాళ్ళు గొర్లు అమ్మి సాగులోకి దిగకముందు, మందల వెంట తిరిగే రోజుల్లో కుదిరిన సంబంధమట. ఆమెది ఆత్మకూరు దగ్గర ఫలానా ఊరని నాయిన అనేవాడు. నాకు తెలిసింది అంతే.

దసరా సెలవుల్లో బయలుదేరాను. కల్వకుర్తిలో బస్సు మారి, ఆత్మకూరులో దిగి, ఆటోలో ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గొర్లవాళ్ళ ఇళ్ళ దగ్గర అడిగితే, నీడన మంచంలో కూర్చున్న ముసలామెను చూపించారు. అవ్వకు సొంత చెల్లెలు. మేనమామ కొడుకును చేసుకుని పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయిందట. చూపు సరిగా లేదు. నేనెవరో చెప్పి, అవ్వ పేరే నాకు పెట్టారని కూడా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“గా పేరు మా అక్కది గాదు బిడ్డా,” అంది.

వాళ్ళక్కకు పుట్టింట్లో పెట్టింది ఆ ఊరి అమ్మవారి పేరు. మా ఇంటికి కోడలై వచ్చేసరికి ఆమె అత్త పేరూ అదే అయింది. కోడలిని కేకేస్తే అత్తను పేరు పెట్టి పిలిచినట్టవుతుందని, తలంబ్రాల నాడే పేరు మార్చేశారు. కొత్తగా ఏ పేరు పెట్టమంటావని పెళ్ళికూతురిని ఎవరూ అడగలేదట.

“పుట్టింటికొస్తె నన్ను పక్కకెల్లి కదలనియ్యకపోయేది. పనేం లేకున్నా, ఊకె నా పాత పేరు పెట్టి పిలువే అనేది. నేను పిలుస్తుంటె గట్లనే కూసొని ఇనేది.”

ఆ పేరు తర్వాత మీ ఇళ్ళలో ఎవరికైనా పెట్టారా అని అడిగాను.

“మనిషి బతికుండంగ ఎట్ల పెడతం? సచ్చిపోయిందని మాకు జెప్పినోళ్ళెవరు? ఎరుకయ్యేసరికి పిల్లలందరికి పేర్లు పెట్టుడు అయిపోయింది.”

మా వాళ్ళు కబురు పంపలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ముసలామె కోడలు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే తిని, నా ఫోన్ నంబరు రాసిచ్చాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పేరును లోలోపల అనుకుంటూ వచ్చాను. ఇంటికి చేరాక ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఎండాకాలంలో ఆమె కొడుకు ఫోన్ చేశాడు. ముసలామె పోయింది. వెంటనే బయలుదేరి వెళ్ళాను. వాకిట్లో ఉన్నవాళ్ళలో నాకు తెలిసిన ముఖం లేదు. ఒక పెద్దాయన నువ్వెవరివమ్మా అని అడిగితే, అవ్వకు పుట్టింట్లో పెట్టిన పేరు చెప్పి, ఆమె మనవరాలినన్నాను. ఆయన ఆ పేరును ఒకసారి తనూ పలికాడు. తర్వాత పక్కకు జరిగి, ఏడుస్తున్న ఆడవాళ్ళ దగ్గర నాకు కూర్చునే జాగా చూపించాడు.