చిక్కం కట్టిన రింగు

మా ఆయన పేరు చిన్నరాయప్ప. నూజివీడులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పి.డి., అంటే ఆటల మాస్టారు. ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. బాస్కెట్‌బాల్ కోర్టులో ఏ మూల సిమెంటు పెచ్చు లేచిందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతారు. "నన్ను కట్టుకున్నారా, ఆ కోర్టును కట్టుకున్నారా?" అని ఎన్నిసార్లు దెబ్బలాడానో! నవ్వి ఊరుకుంటారు. నవ్వితే నాకు ఇంకా మండుతుంది.

ఆ జట్టు సంగతీ చెప్పాలి. ఏటా కాలేజీల పోటీలకు పొద్దుటి బస్సుకు వెళ్లి, మొదటి ఆటే ఓడిపోయి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చే జట్టు. పిల్లలంతా చుట్టుపక్కల మామిడితోటల్లో పనిచేసుకునే ఇళ్లవాళ్లు. రింగుకున్న వల చిరిగిపోతే కాలేజీ కొత్తది కొనిపెట్టలేదు. కాయలు కోసే గెడ చివర కట్టే వలసంచి ఉంటుంది చూడండి, చిక్కం, అది ఇంటి నుంచి తెచ్చి, అడుగు కోసి, రింగుకు కట్టినవాడు రాజీవ్. జట్టులో అందరికన్నా పొడుగు వాడే. వాళ్ల నాన్న మల్లయ్య ఈ ఏడు ఒక తోటను పూత మీద కొన్నాడు. చెట్టు పూత మీద ఉండగానే బేరం కుదుర్చుకోవడమన్నమాట. ఆ తర్వాత కాయ నిలిచినా రాలినా కొన్నవాడిదే రాత. జట్టులో చాలామంది ఇళ్లల్లో ఇదే వరస.

కరస్పాండెంటు శేషగిరిరావుగారి కన్ను ఆ కోర్టు మీద పడింది. ఆయన బావమరిది మామిడికాయల వ్యాపారి. గట్టి సిమెంటు నేల, పక్కనే లారీలు తిరిగే రోడ్డు, పైన రేకులు వేస్తే చాలు, కాయలు ప్యాక్ చేసుకునే షెడ్డు తయారు. డిసెంబరులో మా ఆయన్ని పిలిచి, "చూడండి రాయప్పగారూ, ఈసారి కప్పు తెండి, కోర్టు జోలికి రాను. తేలేదనుకోండి, ఇక నన్నేమీ అనకూడదు" అన్నారట.

మొదటి ఆటే గెలవని జట్టుకు కప్పు షరతా! నాకు ఒళ్లు మండిపోయింది. "మీరేమన్నారు?" అని అడిగాను.

"సరేనండి అన్నాను."

"అంతేనా?"

"ఇంకేమంటాను జోజమ్మా? కోర్టు వాళ్లది."

మర్నాటి నుంచి తెల్లారకముందే విజిల్ మోగింది. నేను తిట్టుకుంటూనే గిన్నెడు శనగలు ఉడకబెట్టి పంపేదాన్ని. ఏం జరిగిందో ఏమో, ఈ ఏడు మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు. విస్సన్నపేటలో సెమీఫైనల్ గెలిచి వచ్చిన రోజున మా ఆయన చెప్పులు విప్పకుండానే దేవుడి పటం ముందు నిలబడిపోయారు. నేను కసురుకుందామని వెళ్లి, ఆయన కళ్లు చూసి, వెనక్కి వచ్చి మంచినీళ్లు ముంచాను.

ఫైనలు ఏప్రిల్‌లో, చింతలపూడిలో. ఎప్పుడూ వెళ్లని దాన్ని ఆరోజు నేనూ బస్సెక్కాను. పిల్లల ఫోన్లన్నీ నా సంచీలో వేశారు. మనవాళ్లు ఎంత బాగా ఆడారనుకున్నారు! రాజీవ్ చెయ్యెత్తితే బంతి రింగులో పడాల్సిందే. సగం ఆట అయ్యేసరికి పది పాయింట్లు ముందున్నాం. కప్పు అక్కడే బల్ల మీద ఉంది. మా ఆయన ఆ వైపు చూడటానికే భయపడుతున్నారు.

అప్పుడు నా సంచీ గీపెట్టడం మొదలుపెట్టింది. ఒక ఫోను ఆగితే ఇంకొకటి. నాన్న, అమ్మ, మళ్లీ నాన్న. భయమేసి రాజీవ్ ఫోను ఎత్తాను. వాళ్లమ్మ వెంకాయమ్మ.

"అమ్మగారూ, మావాణ్ణి పంపించండమ్మా. ఇక్కడ గాలివాన కొట్టిందండీ. తోటంతా నేలమీదే ఉందండీ. మళ్లీ మబ్బేస్తోంది, ఏరడానికి చేతులు చాలట్లేదమ్మా" అని ఏడుస్తోంది.

చింతలపూడిలో ఎండ కాస్తోంది. ఒక్క ఆకు కదలడం లేదు. రాలిన కాయను ఆ పూటే ఏరి పొడినేల మీద పోయకపోతే నల్లబడిపోతుంది. పచ్చళ్లవాళ్లు కూడా ముట్టుకోరు.

మా ఆయన్ని పక్కకు లాగి చెప్పాను. "ఏవండీ, ఇంకా సగం ఆటే కదా. అయ్యాక చెబుదాం. కాళ్లు పట్టుకుంటాను, ఇప్పుడు చెప్పొద్దు."

ఆయన ఒక్క క్షణం కప్పు వైపు చూశారు. "ఏడాది కష్టం నేలమీద పడుంటే వాళ్లచేత బంతి ఆడించనా?" అన్నారు. వెళ్లి పిల్లలకు చెప్పేశారు.

రిఫరీని బతిమాలుకున్నారు, ఆట రేపటికి మార్చమని. ఆయనా మంచివాడే. "నా చేతుల్లో ఏముంది సారూ" అన్నాడు. తోటలు కొన్న ఇళ్ల పిల్లలు సంచీలు తీసుకున్నారు. రాజీవ్ కదల్లేదు.

"నేనుంటాను సార్. నాన్నకు తర్వాత చెప్పుకుంటాను."

"మీ అమ్మ ఏడుస్తోంది, వెళ్లరా" అని మా ఆయన వాణ్ణి భుజం పట్టుకుని గేటుదాకా తోశారు. వాడు బస్సు దాకా వెనక్కి చూస్తూనే వెళ్లాడు.

ఐదుగురితో మొదలైన ఆటను ముగ్గురు మిగిలినా కొనసాగించవచ్చట. మిగిలిన ముగ్గురూ ఆడారు. అవతలి ఐదుగురూ మొదట మొహమాటపడ్డారు, తర్వాత అదీ మానేశారు. ఆ పది పాయింట్లు ఎటుపోయాయో తెలియలేదు. కుర్చీలో కూర్చుని చూడటం తప్ప నేనేం చేయగలను? ఆయనేం చేయగలరు? చివరి విజిల్ దాకా లేచి నిలబడే ఉన్నారు.

పొద్దుగూకే వేళకు నూజివీడు చేరాం. కాలేజీ గేటు ముందు ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. వాటి వెనక ట్రక్కుల నిండా పచ్చికాయలు. రాజీవ్ మోకాళ్లదాకా బురదతో ఎదురొచ్చి, తల ఎత్తకుండా నిలబడ్డాడు. వెనకాల మల్లయ్య చేతులు జోడించాడు.

"ఎక్కడ పోసినా బురదేనండీ. పొడినేల ఎక్కడా లేదండీ. మీరు కాదంటే..."

అంటూ కోర్టు వైపు చూశాడు. కోర్టు మీద నీళ్లు నిలవకుండా ఏటా వాలు సరిచేయించింది మా ఆయనే. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి కోర్టు గేటు తెరిచారు. పిల్లలు ఒక్క ఊపు ఊడిస్తే నేల పొడిగా తేలింది. పిల్లలు గడ్డి పరిచారు. బుట్ట తర్వాత బుట్ట, కాయలు రింగు కిందిదాకా పరుచుకున్నాయి. ఓడిపోయి వచ్చిన ముగ్గురూ ఆ జెర్సీలతోనే బుట్టలు అందుకున్నారు.

శేషగిరిరావుగారు కారు దిగి వచ్చారు. అంతా కలయజూశారు. మనిషి చెడ్డగా ఏమీ మాట్లాడలేదు.

"చూశారా రాయప్పగారూ, నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా" అన్నారు.

ఎప్పుడూ నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆరోజు నేనూ ఒక బుట్ట అందుకున్నాను. మా ఆయన "అవునండి" అని, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, మల్లయ్య పక్కన కూర్చుని పగిలిన కాయలు వేరుచేయడం మొదలుపెట్టారు.