పసుపు కుంకుమ పెట్టిన కుట్టుమిషను

నా చిన్నప్పుడు, బన్సీలాల్‌పేటలో, మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒక్కటే గోడ ఉండేది. ఆ గోడకవతల పక్కింటి అక్కను మొగుడు కొడుతుంటే ఇవతల మేము అన్నం తినేవాళ్లం. ఎవరైనా అడ్డం పోతే, మొగుడూ పెళ్లాల మధ్య మీకేం పని అని బస్తీ అంతా వాళ్లనే తిట్టేది. ఆ మొగుణ్ని ఆయన, గీయన అని నేను ఇప్పటికీ అనను.

అక్క పాత బట్టలు బాగుచేసి అమ్మేది. స్టీలు గిన్నెలిచ్చి పాతబట్టలు తీసుకుపోయే ఆడవాళ్ల దగ్గర మూటలు కొనుక్కొచ్చి, చినిగింది కుట్టి, పెద్దల ప్యాంట్లు కోసి పిల్లల నిక్కర్లు చేసి, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచేది. అన్నీ చేతికుట్లే. వాడు ఆటో నడిపేవాడు. సంపాదనంతా కల్లు కాంపౌండులో పోసి వచ్చేవాడు. ఒకసారి ఆమె కుట్టిన మూటంతా మురికి మోరీలో పారేశాడు. ఇంకోసారి, పిలిస్తే పలకకుండా కుడుతున్నదని, ఆమె వేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కాడు. ఆ వేళ్లు మళ్లీ సూది పట్టలేదు. కుట్టకపోతే తిండి లేదు. మిషను కొనక తప్పలేదు.

మా నానమ్మ ఆమెను రెజిమెంటల్ బజారుకు తీసుకుపోయింది, నేను సుత వెంటపడ్డాను. కాలితో తొక్కే నల్లటి పాత మిషను దొరికింది. అక్క ఇంటినుంచి ఒక మందపాటి ప్యాంటు తెచ్చుకుంది, దాని మడతలన్నీ కలిపి సూది కింద పెట్టి తొక్కింది. కుట్టు ఎక్కడా తెగకుండా పోయింది. అక్క నవ్వింది. ముందుపన్ను ఒకటి లేదని నేను అప్పుడే చూశాను.

దీన్ని వాడు పగలగొడతాడని ఆమెకు భయం. ఉపాయం మా నానమ్మ చెప్పింది. వాడికి దేవుడంటే మహా భయం. పొద్దున్నే అగరుబత్తి తిప్పందే ఆటో బయటికి తీసేవాడు కాదు, శుక్రవారమైతే టైరు కింద నిమ్మకాయ. అందుకని నానమ్మ మిషనుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసింది. వాడొచ్చి చూసి గొణిగాడు, తిట్టాడు, మిషనును మాత్రం ముట్టలేదు. రోజూ బొట్టు, రోజూ పువ్వు. మిషను నడిచింది, అక్క బట్టలకు గిరాకీ పెరిగింది. నానమ్మ సంబరం చెప్పనలవి కాదు.

ఒక మధ్యాహ్నం మా గోడ అదిరి అలమరలోని గిన్నెలు కిందపడ్డాయి. అక్క తలను వాడు అవతలినుంచి ఆ గోడకేసి కొడుతున్నాడు. అన్నం ఇంకా ఉడకలేదట, అదీ కారణం. నానమ్మ ఉరికింది, వెనక నేను. మేము గడప దగ్గరికి చేరేసరికి అక్క మిషను పక్కన పడి ఉంది, నోట్లోంచి నెత్తురు. వాడు డొక్కలో తంతున్నాడు. ఒక తన్ను గురితప్పి మిషనుకు తగిలింది. వాడు ఆగాడు. వంగి మిషనును తాకి కళ్లకద్దుకున్నాడు, చెంపలు వేసుకున్నాడు. తర్వాత అక్కను జుట్టు పట్టి మిషనుకు దూరంగా ఈడ్చి, మళ్లీ తన్నడం షురూ చేశాడు.

నానమ్మ మూలనున్న రోకలి అందుకుని వాడి మోకాలి చిప్ప మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. పడ్డాక సుత కొట్టింది.

"ఇనుముకు మొక్కినవ్ గదరా. మరి ఇది మనిషి గాదా?"

వాడు నానమ్మ కాలు పట్టి లాగాడు. అప్పుడు అక్క లేచింది. ఆ వంకర వేళ్లతోనే కత్తెర పట్టి వాడి చేతిలో దించింది. వాడు అరుస్తుంటే, "పెద్దమ్మా, జెర ఆ పక్క పట్టు" అంది నానమ్మతో. ఇద్దరూ మిషను మోసుకుని మా ఇంట్లోకి తెచ్చారు. అక్క మళ్లీ ఆ గడప తొక్కలేదు. కొన్నాళ్లకు కాప్రాలో గది తీసుకుని అక్కడే కుట్టుకుని బతికింది.

ఆ సాయంత్రం నానమ్మ వాకిట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. "దేవుని భయముంటే మనిషిని సుత ఇడుస్తడనుకున్న బిడ్డా. మిషనును కాపాడిన, దాన్ని కాపాడలే" అంది. అంత గట్టి మనిషి ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు.

మొన్న మా మనవరాలి సంబంధానికి పోయాం. పిల్లవాడు మాల వేస్తాడట, శనివారం ఉపవాసమట, ఇంట్లో గదికొక దేవుడి పటం. మావాళ్లంతా మురిసిపోతున్నారు. నేను మంచినీళ్లు కావాలని లేచి వంటింట్లోకి పోయాను. పిల్లవాడి తల్లి చాయ్ పోస్తున్నది. చాయ్ ఏదని ముందుగదిలోంచి ఆ పిల్లవాడు ఒక్క కేక వేశాడు. ఆమె ఉలిక్కిపడింది, చాయంతా పొయ్యి మీద ఒలికింది. నేను బయటికొచ్చి, ఈ సంబంధం మాకొద్దని చెప్పి చెప్పులేసుకున్నాను.