గెజిటెడ్ ముక్క

ఇమాముద్దీన్ భాయ్‌కి ఖాళీ మూల కనిపిస్తే ఊపిరాడదు. రెండు ఇనుప కడ్డీలు ఎక్కడ కలుసుకున్నా సరే, ఆ కలుసుకున్న చోట లోపలి వైపు మూడు పలకల రేకు ముక్కొకటి పెట్టి అతికించేదాకా ఆయన ముఖం ముసురు పట్టిన ఆకాశంలా ఉంటుంది. అతికించాక కూడా అలాగే ఉంటుంది. కాకపోతే చినుకులు ఆగుతాయి.

ఆ ముక్క పేరు గెజిటెడ్ ముక్క. ఇంజినీర్లు దాన్ని గసెట్ అంటారని నేను నిఘంటువు చూసి తెలుసుకున్నాను. ఎప్పుడో తెనాలిలో ఆయనకి పని నేర్పిన మేస్త్రీ నోట ఆ మాట అలా మారిపోయింది. ఆ సంగతి చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉందనిపించింది. ఎందుకంటే నేను అమృతలూరు పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని. అంటే చుట్టుపక్కల పిల్లల సర్టిఫికెట్ల నకళ్ల మీద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే గెజిటెడ్ ఆఫీసర్ని కూడా. అసలు కాగితం చూడకుండా నకలు మీద సంతకం పెట్టనని నాకు కాస్త చెడ్డపేరు.

"భాయ్, అది గెజిటెడ్ కాదు. గసెట్."

"మీ సంతకం లేకపోతే కాయితం చెల్లుద్దా సార్?"

"చెల్లదు."

"ఈ ముక్క లేకపోతే మూల చెల్లదండి. మరి నా మాట తప్పెట్టా అయ్యిద్ది?"

నేను నిఘంటువు మూసేశాను.

అంగలకుదురులో నా అద్దె ఇల్లూ ఆయన వెల్డింగ్ షెడ్డూ ఒకే గోడకి అటూ ఇటూ. పొద్దున్నే నా కాఫీలో ఆయన గ్రైండరు మోత కలిసి ఉండేది. మా ఆసుపత్రిలో గేదెల్ని నిలబెట్టి సూది వేసే ఇనుప బోనుకి ఒక కడ్డీ ఊడితే ఆయన్ని పిలిచాను. కడ్డీ ఒక్కటే అతకమన్నాను. సాయంత్రానికి ఇరవై రెండు గెజిటెడ్ ముక్కలు వచ్చి కూర్చున్నాయి. మా కాంపౌండరు కోటయ్య బోను చుట్టూ ఒకసారి తిరిగి, "సార్, పై ఆఫీసుకి ఒక లెటరు రాయండి. మన మండలానికి ఏనుగుని శాంక్షన్ చెయ్యమని" అన్నాడు.

భాయ్ కూతురు ఆలియా స్కూటీ నేర్చుకునేటప్పుడు బండి ముందు ఎర్ర రంగుతో ఇంగ్లీషు 'ఎల్' రాయించారు. ఆ అక్షరానికి మూల ఉంది. మూల ఖాళీగా ఉంది. రెండ్రోజులు ఓర్చుకుని మూడోరోజు ఆయన అక్కడొక ఎర్ర ముక్కోణం దిద్దాడు. లైసెన్సు పరీక్ష రోజు బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ముందు వంగి చాలాసేపు చూశాడట. "ఏ భాషమ్మా ఇది?" అని అడిగాడట.

వాళ్లింట్లో ఆయన చేసిన ఇనుప మంచం ఒకటుంది. ఆ బరువుకి అది వేసిన చోటునుంచి కదలక పదేళ్లయింది. ఆయన భార్య వజీరా బేగం దాని చుట్టూ ఇల్లు ఊడుస్తుంది.

"నిఖా రోజు ఈయన నా ముఖం చూడలేదు డాక్టరుగారూ. పందిరి గుంజలు చూశాడు" అందావిడ ఒకసారి టీ ఇస్తూ.

"పడిందా పందిరి?" అన్నాడు భాయ్.

"పడలేదు."

"చూశాను గనక పడలేదు."

ఇక ఆయన దిగులు. ఎవరు ఏ బండి తెచ్చినా ముందు చిన్న సుత్తితో ఒంటి మీద అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి వినేవాడు. విన్నాక ముఖం ఇంకో రెండు అంగుళాలు కిందికి జారేది.

"విరుగుద్దండి."

"ఎక్కడ భాయ్?"

"అది ఇప్పుడే చెప్పదండి."

కొత్త ట్రాక్టరు ట్రక్కుకి దండేసి తీపి పంచుతున్నవాళ్లకి కూడా అదే మాట. జనం ఆయన్ని తిట్టుకుంటూనే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆయన అతికింది విరిగిందని ఎవరూ వినలేదు. ఆయన మాత్రం ప్రతి ఉదయం వినడానికి సిద్ధంగా కూర్చునేవాడు.

రెండువేల ఆరు వానాకాలం. ఆ ఏడాది ఆకాశం తెనాలి మీద తడిగుడ్డలా వాలిపోయి లేవనన్నది. రేపల్లె అవతల రొయ్యల చెరువులకి తెల్లమచ్చ తెగులు వచ్చి, నీళ్లు వదిలేస్తే, ఒట్టి బురద ఆకాశాన్ని చూస్తూ పడుకుంది. అలాంటి ఒక మధ్యాహ్నం ట్రాక్టరు మీద జంట బండి వచ్చింది.

దాని యజమాని విష్ణువర్ధన్‌కి రేపల్లె దగ్గర చెరువులున్నాయి. ఇంటర్నెట్ సెంటర్లో ఏదో విదేశీ బండి బొమ్మ చూసి, ప్రింటు తీయించి, అలాంటిదే చేయించుకున్నాడు. ఇనుప పైపులతో ఒళ్లు, ఆటో ఇంజను, జీపు చక్రాలు, తలుపుల్లేవు, తల మీద పైపుల గూడు, వెనక సామాను బుట్ట. ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి గనక జనం దానికి జంట బండి అని పేరుపెట్టారు. విష్ణువర్ధన్ నడుపుతాడు, అతని దగ్గర పనిచేసే యేసుదాసు వెనక బుట్టలో మేత బస్తాలు చూసుకుంటూ పక్క సీట్లో కూర్చుంటాడు. గట్ల మీద, బురదలో, మడ చెట్ల మొద్దుల మీద అది ఎగిరెగిరి పడుతుంది. మూడుసార్లు విరిగింది. మూడోసారి పక్క సీటు కింద మూలే విరిగి, యేసుదాసు గట్టు మీంచి చెరువులోకి వెళ్లిపోయాడు.

ఆ యేసుదాసు కూడా ట్రాక్టరు మీదే వచ్చాడు. బక్కపల్చటి మనిషి. ఎడమ భుజం మీదుగా తువ్వాలు కప్పుకుని, ఒక్క కుడిచేత్తోనే బండి దింపడానికి సాయం పట్టాడు.

"గట్టిగా పట్టుకుని కూచోమంటే వినడు భాయ్" అన్నాడు విష్ణువర్ధన్. "సరే, అయిందేదో అయింది. చెరువులోకి రొయ్యపిల్లల సీడు వదిలే రోజుకి బండి గట్టు మీదుండాలి. పక్క సీట్లో మనిషుండాలి. వీడికి కుదరకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటా. నాకు ఆగే టైము లేదు."

"ఎందుకు కుదరదండి?" అన్నాడు యేసుదాసు వెంటనే. "నాకేమైంది? బెణికిందంతే."

భాయ్ సుత్తి తీసి బండి అంతా తట్టాడు. "విరుగుద్దండి" అన్నాడు.

"విరిగిందయ్యా బాబూ! విరిగిందనేగా తెచ్చాం!"

మొదటి వారం ఆయన పని చూడటం నాకొక సుఖం. పగులు నడుస్తుందట. దాని చివర చిన్న బెజ్జం వేస్తే, నడిచి నడిచి అక్కడికి వచ్చి కూర్చుంటుందట. అలా కూర్చోబెట్టాకే అతుకు. అడుగున పైపులకి మొద్దులు తగలకుండా మందపాటి రేకు తొడిగాడు. ఆ రేకులో ఉప్పునీళ్లు నిలవకుండా రంధ్రాలు పెట్టాడు. పైపుల లోపలికి పాత ఇంజనాయిలు పోసి, వంచి, అటూ ఇటూ తిప్పి, తుప్పుకి దారి లేకుండా చేశాడు. పైన రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు. ఇక గెజిటెడ్ ముక్కల సంగతి చెప్పనక్కర్లేదు. వాన వెలుతురులో ఆ బండి మూలమూలనా రెక్కలు ముడుచుకున్న పిట్టలు వాలినట్టుండేది.

"అయిపోయినట్టేగా?" అన్నాను.

"ఇంకో మూలుంది సార్."

రెండో వారం ఇంకో మూల. మూడో వారం ఇంకోటి. విష్ణువర్ధన్ మోపెడ్ మీద ముప్ఫై కిలోమీటర్లు తడుస్తూ వచ్చేవాడు, అరిచేవాడు, మా వరండాలో చొక్కా పిండుకుని తడుస్తూనే వెళ్లిపోయేవాడు.

"ఇన్ని ముక్కలేంటి డాక్టరుగారూ? ఇది బండా, బీరువానా?"

 గోడ అవతల గ్రైండరు మోత, తర్వాత వెల్డింగ్ చిటపటలు, మర్నాడు మళ్లీ గ్రైండరు. వినీ వినీ నాకే విసుగొచ్చింది. ఒక మనిషి చాదస్తం ఇంకో మనిషి కూటికి అడ్డం రాకూడదు కదా అనిపించింది. నాలుగో ఆదివారం మధ్యాహ్నం, రెండు మాటలు గట్టిగా చెప్పాలని గొడుగేసుకుని వెళ్లాను.

షెడ్డులో నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. ఇమాముద్దీన్ భాయ్ సామాను బుట్ట మూలలోని గెజిటెడ్ ముక్కని కోసి పీకేస్తున్నాడు.

 చేప ఈత మానేసి గట్టెక్కి నడుస్తున్నా అంత ఆశ్చర్యపడేవాణ్ణి కాదు.

"భాయ్! ఏంటిది?"

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను చూశాడు. "తలుపేసుకుందామనుకున్నా సార్. షెడ్డుకి తలుపు లేదు."

"బాగున్న ముక్క ఎందుకు కోస్తున్నారు?"

"రేపు మళ్లీ పెడతానికి."

"మళ్లీనా?"

"ఎల్లుండి కోస్తానికి."

వాన రేకుల మీద ఒక్కసారిగా పెరిగింది. ఆయన గ్రైండరు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలుకి పన్నెండు మూలలు, పన్నెండు ముక్కలు.

"మనిషి కూచునే చోట ఒక్కసారే అతికా సార్. అది మళ్లీ ముట్టుకోలా. ఒకసారి కాల్చిన చోటే మళ్లీ మళ్లీ కాలిస్తే ఇనుము అలిసిపోద్ది. ఈ బుట్టలో మేత బస్తాలే కదా ఉండేది, దీన్నే కోస్తన్నా. దీనికి నాలుగే మూలలు. నాలుగూ ఇప్పటికి మూడేసి సార్లయినయ్యి. సార్, మీరు డాక్టరుగారు గదా, ఎముక అతకాలంటే ఎన్ని రోజులు పడుద్ది?"

"ఎవరి ఎముక?"

"ఆ అబ్బాయిది. మెడకీ భుజానికీ మధ్యలోది. ఆరోజు తువ్వాల కింద కట్టు చూశా. బెణుక్కి అంత కట్టెవరు కడతారండి?"

"ఆరు వారాలు."

"రేపల్లె ఆసుపత్రిలో తెలిసినోళ్ల చేత అడిగించా, అక్కడా అదే చెప్పారంట. ఇది నాలుగో వారం."

నాకు చెప్పాలనుకున్న రెండు మాటలూ ఆ వానలో ఎటో కొట్టుకుపోయాయి. "ఆ సంగతి విష్ణువర్ధన్‌గారికి చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏమంటాడండి? పాపం అంటాడు. పాపం అని ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఆయన చెడ్డోడు కాదు సార్. తొందరోడు."

"పోనీ యేసుదాసుకి తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటాడా? మొన్న ఫోన్ చేసి నన్నే తిట్టాడు. మీ చాదస్తంతో నా పని పోగొట్టేట్టున్నారు భాయ్, నేనిప్పుడైనా ఎక్కి కూచుంటా, బండివ్వండి అని. వాడికి చెప్తే ఆ కట్టు విప్పి అవతల పారేస్తాడు."

అప్పుడే మోపెడ్ చప్పుడైంది. విష్ణువర్ధన్. మోకాళ్ల దాకా బురద, జుట్టులోంచి నీళ్లు.

"చాలు భాయ్! బాపట్ల హేచరీలో సీడు చెప్పేశా. బుధవారం వచ్చుద్ది. ఇవాళే బండి ఎట్టా ఉంటే అట్టా ఎక్కించుకుపోతా. కొల్లిపర నుంచి ఒకణ్ణి మాట్లాడా కూడా, యేసుదాసు చెయ్యి ఇంకా పైకి లేవట్లా. ట్రాక్టరు వెనక వస్తంది."

భాయ్ ముఖంలో నాకు తెలిసిన దిగులు కాదు, వేరేది కనిపించింది. బండి గురించి ఎన్నైనా చెప్పగల మనిషి, అబద్ధం దగ్గరికి వచ్చేసరికి కడ్డీలా బిగుసుకుపోయాడు. "ఇంకో... ఇంకో మూల..." అన్నాడు.

"ఎక్కడుందయ్యా మూల? చూపించు! ఉన్న మూలలన్నీ పూడ్చేశావు గదా!" విష్ణువర్ధన్ నా వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, మీరు చదువుకున్నోళ్లు. ఉన్నదున్నట్టు చెప్పండి. దీన్ని ఇవాళ తీసుకుపోవచ్చా లేదా?"

 భాయ్ నా వైపు చూడలేదు. నేల మీద పడ్డ కోసిన ముక్క వైపు చూస్తున్నాడు.

"ఇంకో రెండు వారాలు పడుద్దండి" అన్నాను. "ఇప్పుడు కదిపితే అతుకు నిలవదు."

"అంత ఖచ్చితంగా చెప్తున్నారే!"

"డాక్టరుగా చెప్తున్నా."

"మీరు పశువుల డాక్టరు కదండి?"

"ఎక్కడైనా అతుకు అతుకేనండి. తొందరపడి బరువు మోపితే మళ్లీ అక్కడే విరుగుద్ది. ఈసారి పక్క సీటుతో ఆగకపోవచ్చు. మీవైపుకీ రావచ్చు."

నేనన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. విష్ణువర్ధన్ బండి వైపు చూశాడు, స్టీరింగు వైపు చూశాడు, తన భుజం తనే తడుముకున్నాడు.

"అంతేనంటారా," అన్నాడు. "మరి సీడు?"

"వానలు తగ్గాక వదిలితే సీడుకీ మంచిదే."

అతను గట్టిగా ఊపిరి వదిలి, జేబులోంచి ఫోన్ తీసి ముందు బాపట్లకి చేశాడు. తర్వాత కొల్లిపరకీ, వెనక వస్తున్న ట్రాక్టరు డ్రైవరుకీ చేసి, ఇప్పుడే రావద్దని చెప్పాడు. మోపెడ్ ఎక్కుతూ, "ఈ మనిషి పక్కన ఉండి ఉండి మీకూ ఇది అంటుకుంది డాక్టరుగారూ" అన్నాడు.

మిగిలిన పన్నెండు రోజులూ నాకు గ్రైండరు మోత వినకపోతే తోచేది కాదు.

చివరి రోజు కూడా ముసురే. విష్ణువర్ధన్, యేసుదాసు ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. యేసుదాసు భుజం మీద తువ్వాలు లేదు. ముఖం మాత్రం చిటపటలాడుతోంది. వస్తూనే బండి చుట్టూ తిరిగి, ఎడమచేత్తో పైపు పట్టుకుని, ఒక్క ఊపున పక్క సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. ఆ చెయ్యి పైకి లేచి, పైపుని చుట్టుకుని, బిగుసుకున్నంతసేపూ ఇమాముద్దీన్ భాయ్ కళ్లు బండి మీద లేవు.

విష్ణువర్ధన్ ఇంజను స్టార్టు చేశాడు. షెడ్డు నిండా పొగ. ఆ పొగలోంచి యేసుదాసు మెడ బయటికి చాచి అరిచాడు.

"ఏం మనిషండి మీరు! నాలుగు ముక్కలు అతకటానికి ఆరు వారాలా? మీ బండి సంగతి తేలేలోపు విరిగిన నా ఎముకే అతుక్కుపోయింది!"

భాయ్ నూనె గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఉన్న మసికి ఇంకాస్త మసి చేరింది.

"ఎముక విరిగిందా?" అన్నాడు. "ఎప్పుడబ్బాయ్? నేను చూసుకోనేలా."