మసలని నీళ్ళు

నేను కాంపౌండరుగా మొదట పనిచేసిన ఊరి పేరు ఇక్కడ రాయను. కల్వకుర్తి దాటాక బస్సు ఆగే ఊళ్ళలో అదొకటి. వారానికోసారి అంగడి జరిగేది. ఆ రోజు మా దవాఖాన వరండా నిండిపోయి, జనం మెట్ల కింద ఎండలో కూడా కూర్చునేవారు.

మాది మర్రిగూడ వైపు. మా ఇంట్లో అప్పటికి గుడ్డిదీపమే. నేను మెట్రిక్ పాసై, హైదరాబాదులో కాంపౌండరు పని నేర్చుకుని, ఇరవై మూడో ఏట తెల్లకోటు తొడుక్కున్నాను. అంతవరకు మా వంశంలో చొక్కాకు అన్ని గుండీలున్నవాడే లేడు. ఆ కోటు తొడుక్కున్నాక నా నడక మారింది. మాట కూడా మారిందని మా అవ్వ అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

దవాఖానలో మేం ముగ్గురం. డాక్టరు గారు, నేను, ఒక ఆయమ్మ. ఆయమ్మకు యాభై దాటి ఉంటాయి. గొర్లు మేపుకునే వాళ్ళ ఇంటి ఆడమనిషి. మొగుడు పోయాక దవాఖానలో ఊడ్చే పనికి చేరి, మెల్లగా కట్లు ఉతకడం, సూదులు మరిగించడం నేర్చుకుంది. చదువు రాదు. ఏ సిరంజికి ఏ సూది సరిపోతుందో మాత్రం నా కంటే ముందు చెప్పేది. నన్ను అందరి ముందు 'సారూ' అని, ఎవరూ లేనప్పుడు 'బిడ్డా' అని పిలిచేది.

నేను చేరిన రెండో ఏడు ఆ ఊరికి కరెంటు వచ్చింది. ఆ వెనకే దవాఖానకు కరెంటు మీద సూదులు మరిగించే పెట్టె ఒకటి వచ్చింది. తళతళలాడే స్టీలు పెట్టె, మీద మూత, ముందు వైపు రేగుపండంత ఎర్ర లైటు. అందులో నీళ్ళు పోసి, గాజు సిరంజీలు, సూదులు వేసి స్విచ్ నొక్కితే లైటు వెలుగుతుంది, నీళ్ళు మసులుతాయి. అంతవరకు ఆయమ్మ వాటిని కిరోసిన్ స్టవ్ మీద గిన్నెలో మరిగించేది. స్టవ్‌ను నేనే అటక మీద పెట్టించాను. అంగడి రోజు వచ్చినవాళ్ళకు ఆ పెట్టెను వేలు పెట్టి చూపించి, మంట లేకుండా నీళ్ళెలా కాగుతాయో చెప్పేవాణ్ణి. నాకు తెలిసింది తక్కువ, చెప్పింది ఎక్కువ.

పొద్దున్నే వచ్చి ఆయమ్మ ఆ పెట్టెను నడిపేది. గోడగడియారం చూసి అరగంట ఉంచి, నీళ్ళు వంపేసి, సూదులన్నీ పళ్ళెంలో సర్ది గుడ్డ కప్పేది. నేను తీరిగ్గా వచ్చి ఆ పళ్ళెం ముందు కూర్చునేవాణ్ణి. పెట్టె మూత నేను ఎత్తి చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒక పొద్దున నేను కోటు గుండీలు పెట్టుకుంటుంటే ఆమె దగ్గరికి వచ్చింది.

"సారూ, గీ పెట్టెల నీళ్ళు మసల్తలేవు. అరగంటాయె. ఆవిరి గూడ లేస్తలేదు."

"ఎర్ర లైటు వెలుగుతాందా?"

"ఎలుగుతాంది."

"మరింకేంది?"

"ఏలు వెట్టి సూసిన. సల్లగనే ఉన్నయి."

నాకు కోపం వచ్చింది. బయట వరండాలో పదిమంది ఉన్నారు. వాళ్ళకు ఆ మాట వినబడి ఉంటుందనిపించింది. "సూదుల నీళ్ళల్ల వేలు పెడ్తవా? లైటు వెలిగిందంటే మిషిన్ నడుస్తున్నట్టే. నీ కట్టెల పొయ్యి అనుకుంటున్నవా, మంట కనబడనీకె?" అన్నాను.

ఎవరో నవ్వారు. ఆమె లోపలికి పోయి పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఆ సూదులతోనే ఆ రోజు పని చేశాను. ఆ మర్నాడు, దాని మర్నాడు కూడా.

వారం తిరక్కుండానే ముగ్గురు తిరిగి వచ్చారు. సూది వేసిన చోట వాచి, గడ్డ కట్టి, ముట్టుకుంటే కాలిపోతోంది. అందరికంటే ఎక్కువ బాధపడింది ఒక గొర్ల కాపరి భార్య. జ్వరానికని నేనే ఆమెకు నాలుగు రోజులు వరసగా సూదిమందు ఇచ్చాను. ఆమెను మొగుడు వీపు మీద మోసుకొచ్చాడు. డాక్టరు గారు గడ్డ కోసి చీము తీస్తుంటే, ఆమె బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగబట్టింది తప్ప అరవలేదు.

చేతులు కడుక్కుని డాక్టరు గారు వరండాలోకి వచ్చారు. "ముగ్గురికి ఒకేసారి ఎట్లయింది? సూదులు మరిగిస్తున్నరా లేదా?" అని అడిగారు.

ఆ రోజు అంగడి. జనం మెట్ల దాకా ఉన్నారు. నేను ఆలోచించానని చెప్పలేను. ఆలోచించకుండానే నోరు తెరిచాను.

"నేను రోజూ చెప్తనే ఉన్న సార్. ఆయమ్మ సరిగ్గా మరిగిస్తలేదు. తొందరపడి ముందే తీసేస్తాంది."

ఆయమ్మ కట్లగుడ్డల బుట్ట పట్టుకుని గుమ్మం దగ్గరే ఉంది. నా వైపు చూసింది. పెట్టె మాట ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను. ఆమె చెప్పలేదు. జనంలోంచి ఒక ఆడమనిషి "పాపపుదానా, నీకు చేతులెట్లొచ్చినయే" అంది. డాక్టరు గారు ఆయమ్మను మర్నాటి నుంచి పనికి రావొద్దన్నారు. ఆమె బుట్ట కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని మెట్లు దిగింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మర్యాదకు కాదు, తగలకూడదని.

మర్నాడు సూదులు మరిగించడం నా పనయింది. పెట్టెలో నీళ్ళు పోసి స్విచ్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. అరగంటకు మూత ఎత్తాను. ఆవిరి లేదు. చివరికి నీళ్ళలో వేలు పెట్టాను. కుండలోంచి ముంచి పోసినప్పుడు ఎంత చల్లగా ఉన్నాయో అంతే చల్లగా ఉన్నాయి.

ప్లగ్గు సరిగ్గా కూర్చోలేదేమోనని తీసి మళ్ళీ పెట్టాను. లైటు వెలిగింది, నీళ్ళు వేడెక్కలేదు. గోడలో కరెంటు తక్కువ వస్తోందేమోనని, డాక్టరు గారి గదిలో బల్ల ఫ్యాను తిరిగే చోటికి పెట్టెను మోసుకెళ్ళాను. అక్కడా అంతే. పెట్టె అడుగున ఆ ఊరి ఉప్పునీళ్ళకు సున్నంలా తెల్లటి పొర గడ్డకట్టి ఉంది. దానివల్ల వేడి పైకి రావడం లేదేమోనని చింతపండు వేసి రుద్దాను. అలా రుద్దుతుంటేనే గుర్తొచ్చింది, ఆ పొరను వారం వారం తీయాలని పెట్టెతో వచ్చిన కాగితంలో ఉండేది. కాగితం చదివింది నేను ఒక్కణ్ణే. ఆయమ్మకు ఆ మాట చెప్పనే లేదు. పొర వదిలింది. మళ్ళీ నీళ్ళు పోసి అరగంట చూశాను. చల్లటి నీళ్ళే.

సైకిల్ షాపు నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, ప్లగ్గు పీకేసి, పెట్టెను బోర్లించి అడుగు రేకు విప్పాను. లోపల వేడెక్కాల్సిన తీగ చుట్టలు చుట్టలుగా ఉంది. అది ఒకచోట నల్లగా కాలి తెగిపోయింది. లైటుకు పోయే తీగలు మాత్రం వేరే. అవి ప్లగ్గు నుంచి వచ్చే కరెంటును నేరుగా అందుకుంటున్నాయి. అంటే కింద తీగ తెగినా పైన లైటు వెలుగుతూనే ఉంటుంది. కరెంటు వచ్చిందని చెబుతుందే తప్ప నీళ్ళు కాగాయని చెప్పదు.

 ఆయమ్మ ఏ రోజు నాతో చెప్పిందో ఆ రోజు నుంచి వేసిన సూదులన్నీ గుర్తొచ్చాయి. అంతలో డాక్టరు గారి చెప్పుల చప్పుడు వినబడింది. గబగబా రేకు మూసి మరలు బిగించాను.

"ఏమైంది?" అన్నారాయన.

"పెట్టె చెడిపోయింది సార్. పొద్దున్నే, ఇప్పుడే."

"సరే. స్టవ్ దింపుకో."

ఆ 'ఇప్పుడే' అన్న మాటతో నేను రెండోసారి ఆయమ్మను మెట్లు దింపాను. మొదటిసారి నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఇది అన్నీ తెలిసి అన్నది. స్టవ్ అటక మీంచి దింపి వెలిగించాను. మూడు రోజులు దాని మీదే సూదులు మరిగించాను. బుడగలు లేచినప్పుడల్లా అటు చూడలేక కిటికీ వైపు తిరిగేవాణ్ణి.

నాలుగో రోజు డాక్టరు గారు నన్ను ఆ గొర్ల కాపరి ఇంటికి పంపారు. గాయానికి కట్టు మార్పించుకోవడానికి ఆమె దవాఖానకు రావడం లేదు. సూదంటేనే వణుకుతోందని మొగుడు వచ్చి చెప్పాడు.

వాళ్ళ ఇల్లు ఊరి చివర, గొర్ల దొడ్డి పక్కన. దడి తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ముంగిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ తెర్లుతోంది. పొయ్యి ముందు ఆయమ్మ కూర్చుని ఉంది. చిరిగిన తెల్లధోవతిని పీలికలు చేసి, వాటిని కుండలో వేసి కట్టెపుల్లతో కలుపుతోంది. నన్ను చూసి లేవలేదు. పక్కనున్న పీటను మాత్రం ముందుకు జరిపింది.

ఇంట్లో మంచం మీద గొర్ల కాపరి భార్య పక్కకు తిరిగి పడుకుని ఉంది. నేను కట్టు విప్పాను. గాయం శుభ్రంగా ఉంది. అంచులు ఎర్రగా మానుకొస్తున్నాయి. రోజూ ఎవరు కడుగుతున్నారో అడగక్కరలేదు.

"జర పైలంగ సారూ," అంది ఆమె మంచం మీంచి. "మీరేం జేస్తరు, నా నసీబట్లున్నది. ఆయమ్మను గూడ ఏమనకుండ్రి. పెద్దమనిషి, ఎన్నడో ఒకనాడు మర్శిపోయిందేమో."

 ఆయమ్మ మరిగిన పీలికను పుల్లతో ఎత్తి, పొయ్యి సెగకు ఆరబెట్టి, లోపలికి తెచ్చి నాకు అందించింది. నేను కట్టు కట్టాను. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆమె చెంబుతో నీళ్ళు పోసింది. అప్పుడు మెల్లగా, లోపలికి వినబడకుండా అడిగింది.

"నీకు నేను సెప్పలేదా బిడ్డా?"

"చెప్పినవ్."

"మరి గంతమంది ముంగట గట్లెందుకన్నవ్?"

నాకు తెలిసిన జవాబు ఒక్కటే. భయపడ్డాను. డాక్టరుకు కాదు, జనానికీ కాదు, నా కోటు పోతుందని. ఆ మాట చెప్పడానికి కూడా సిగ్గేసి తల వంచుకున్నాను. ఆమె చెంబులో మిగిలిన నీళ్ళు నా చేతుల మీద పోసి, లోపలికి వెళ్ళిపోయింది.

తిన్నగా డాక్టరు గారి ఇంటికి వెళ్ళాను. భోజనానికి కూర్చోబోతున్నారు. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. పెట్టె సంగతి, ఆయమ్మ చెప్పిన సంగతి, నేను కసిరిన సంగతి, రేకు విప్పి చూసి కూడా అబద్ధమాడిన సంగతి. ఆయన తిట్టలేదు. కంచం వదిలి గుమ్మం దగ్గరికి వచ్చారు.

"ఆమెను ఎవరి ముందు అన్నవు?"

"అంగడి రోజు సార్. అందరి ముందు."

"అయితే అంగడి రోజే చెప్పు. అందరి ముందు. ఆమెను నువ్వే పోయి పిలుచుకరా."

పిలవడానికి వెళ్తే ఆమె రెండు రోజులు రానంది. మూడో రోజు అంగడి. తనే వచ్చి మెట్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. వరండా నిండుగా ఉంది. డాక్టరు గారు తన గది గుమ్మంలోకి వచ్చి నిలుచున్నారు. నేను కోటు విప్పి కుర్చీకి తగిలించి ముందుకు వచ్చాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు.

"తప్పు ఆయమ్మది కాదు. పెట్టె చెడిపోయింది. ఆమె నాకు చెప్పింది. నేను ఇనలేదు," అన్నాను.

మెట్ల కింద నుంచి ఒక ముసలాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమంటాండు? ఇనవడ్తలేదు, జర గట్టిగ సెప్పుండ్రి సారూ," అన్నాడు. ఆయనకు నిజంగానే చెవుడు. వెక్కిరింత కాదు.

గొంతు సవరించుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి గట్టిగా. ఒక్కొక్క మాటా నా చెవులకే కొత్తగా వినబడింది. చివర్లో, మొన్న ఆమె మీద అబద్ధం చెప్పానన్న మాట కూడా కలిపాను. మొదటిసారి చెప్పినప్పుడు దాన్ని దాటేశాను.  ఆ రోజు ఆమెను తిట్టిన ఆడమనిషి తల వంచుకుని పైటకొంగు ముడి విప్పుతూ కూర్చుంది.

ఆయమ్మ గోడ వదిలి మెట్లెక్కింది. నా పక్కనుంచే లోపలికి పోయింది. కాసేపటికి స్టవ్‌కు గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నేను ఆ ఊళ్ళో ఏడాదిన్నర ఉన్నాను. బాగుకు పంపిన సూదుల పెట్టె కూడా తిరిగి వచ్చింది. ఆమె మళ్ళీ దాని సంగతి ఎత్తలేదు, ఆ అంగడి రోజు సంగతీ ఎత్తలేదు. నన్ను క్షమించిందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు. బదిలీ మీద వెళ్ళిపోతున్న రోజు బస్సు దాకా నా ట్రంకుపెట్టె తనే మోస్తానని పట్టుబట్టింది. నేను ఇవ్వలేదు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని నడిచాం.