మట్టి కప్పులో రాళ్ల పొర

యానాం నుంచి తమిళ ప్రాంతానికి వచ్చి, సారం అనే పేటలో మేడ మీద గది తీసుకున్న కొత్తలో నేను ఒక చిన్న డిజైన్ ఆఫీసులో సివిల్ ఇంజనీరుగా చేరాను. వేరే రాష్ట్రంలో కట్టబోయే ఒక కందకం నాకు దొరికిన మొదటి పెద్ద పని. ప్రయోగశాలల్లో వాడేసిన చేతి తొడుగులు, గుడ్డలు, కొద్దిపాటి రేడియోధార్మికత అంటుకున్న ఇతర సామాను డ్రమ్ముల్లో వేసి, సిమెంటు పోసి బిగిస్తారు. ఆ డ్రమ్ములను కాంక్రీటు కందకంలో పెట్టి పూడుస్తారు. దాని మీద వేసే మట్టి కప్పు నా వంతు. తరాలు గడిచినా వాన నీరు లోపలికి దిగకూడదు.

ఆ ఇంటి యజమానురాలిని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వాళ్లది తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. అరియాంకుప్పంలో ఆమెకు వరిమడి ఉంది. ఒక ఆదివారం పొద్దున నేను డ్రాయింగు నేల మీద పరుచుకుని కూర్చుంటే కాఫీ తెచ్చింది.

"ఏందమ్మా ఇది, సమాధా?"

నవ్వి ఒక్కో పొరా చూపించాను. కింద బంకమన్ను, దాని మీద నీళ్లు పక్కకు పోయేలా ఇసుక, పైన గడ్డి మొలిచే మట్టి.

"అంతా సరి. పెరుచ్చాళి వస్తే ఏం చేస్తావు?"

మా వైపు దాన్నే పందికొక్కు అంటాం. డ్రాయింగులో పొరలన్నీ మళ్లీ చూశాను.

"మా మడిగట్టు ఎంత గట్టిగా ఏసినా తొలిచేస్తాది. ఒక్క బొక్క చాలు, నీళ్లు యాడికో పోతాయి. రాళ్లు ఏసిన కాడ మాత్రం తవ్వదు."

మర్నాడు మా పెద్ద ఇంజనీరుకు ఆ మాట చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "వానా, భూకంపమూ చూసుకున్నాం. ఎలకను మరిచిపోయాం," అన్నారు. ఇలాంటి కప్పుల డిజైన్‌కు మేం వాడే నియమాల పుస్తకం తీస్తే తవ్వే జంతువుల మీద ఒక అధ్యాయమే ఉంది. తొందరలో మేమే దాటేశాం. ఆ వారమంతా కూర్చుని గులకరాళ్ల పొర ఒకటి చేర్చాను.

పరిశీలనకు వచ్చిన నిపుణుల్లో ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న, "బొరియలు చేసే జంతువుల సంగతేమిటి?" నవ్వు ఆపుకోవడానికి నేను పెదవి కొరుక్కున్నాను. పెద్ద ఇంజనీరు నా వైపు చూసి, "ఆ అమ్మాయే చెబుతుంది," అన్నారు. చెప్పాను. డిజైన్ ఆమోదం పొందింది.

సాయంత్రం మైసూర్‌పాక్ పొట్లంతో ఇంటికి వెళ్లి జరిగిందంతా పెద్దమ్మకు చెప్పాను. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది.

"సరి. దాని మీద వేపమొక్క మొలిచి వేరు లోపలికి దిగితే?"

"ఏటేటా పీకిస్తాం పెద్దమ్మా, అది ముందే రాశాను."

"పరవాలేదే," అని రెండో ముక్క తీసుకుంది. ఇంజనీరింగు పట్టా చేతికి వచ్చిన రోజున కూడా నాకంత సంతోషం కలగలేదు.